ఆరాధన లైవ్‌లో, ప్రార్థన చీటీ మన మధ్యలో



2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి చర్చి తలుపులు మూసినప్పుడు మనలో చాలామందిమి మొదటిసారి సెల్‌ఫోన్‌లో ఆరాధన చూశాము. మన కంఠేశ్వర్, బోధన్ ప్రాంతాల నుండి ఎందరో బిడ్డలు గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. ఇక్కడ ఉదయం 8 గంటలకు ఆరాధన మొదలైతే దుబాయ్‌లో ఆరున్నర. వార్డులో మంచం మీదున్న తల్లి, అక్కడున్న కొడుకు ఒకే పాట వినగలరు. ఇది గొప్ప మేలు.

దీనికి స్ట్రీమ్‌యార్డ్ వంటి ఆన్‌లైన్ స్టూడియో చాలు. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి, స్టూడియోలోకి వెళ్ళి, కెమెరాకు, మైకుకు అనుమతి ఇవ్వాలి. అక్కడి నుండి బొమ్మ, మాట యూట్యూబ్‌కు వెళ్తాయి. వేరే ఊరిలో ఉన్న పాస్టరుగారికి లింక్ పంపితే ఆయన కూడా చేరవచ్చు. మనం తీసుకునే వరకు ఆయన తెర వెనుకే ఉంటారు.

ముందుగా చేయవలసినవి:

1. యూట్యూబ్ ఛానల్‌ను ఫోన్ నంబరుతో ధ్రువీకరించాలి. మొదటిసారి లైవ్‌కు అనుమతి రావడానికి 24 గంటల వరకు పట్టవచ్చు. కనుక ఆదివారం ఉదయం కాదు, శుక్రవారమే మొదలుపెట్టండి.

2. నెట్ అప్‌లోడ్ వేగం 5 ఎంబీపీఎస్ ఉంటే మంచిది. వైఫై కన్నా కేబుల్ నమ్మకం.

3. లింకు ద్వారా చేరేవారు ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. లేకుంటే మాట ప్రతిధ్వనిస్తుంది.

4. శనివారం 'అన్‌లిస్టెడ్'గా పెట్టి పరీక్షించండి. అది వెతికితే దొరకదు. కాని లింక్ చేరిన ఎవరైనా చూడగలరని మరువకండి.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒకచోట లైవ్ ఆరాధనలో ప్రార్థన చీటీ చదివారు. అందులో ఒక అమ్మ పేరు, ఊరు, టి.బి. అని ఉన్నాయి. ఆ చీటీ రాసిచ్చింది నేనే. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తెలిసింది. వారం తిరగకుండా ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. మందులు సక్రమంగా వాడితే నయమయ్యే జబ్బుకు ఆమె గూడు పోగొట్టుకుంది. వీడియో తీసివేయించాము, కాని విన్నవారి చెవుల నుండి తీసివేయలేము కదా.

1915లో ఇసబెల్ కెర్ దొరసానిగారు మన డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు ఆసుపత్రి ప్రారంభించారు. జబ్బు పేరు తెలిస్తే ఊరు దూరం పెట్టే బాధ మన జిల్లాకు కొత్త కాదు. హెచ్.ఐ.వి. ఉన్నవారు నమ్మి చెప్పిన సంగతిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధిస్తుంది కూడా.

కాబట్టి కెమెరా బలిపీఠం వైపే ఉండాలి, మంచాల వైపు తిప్పకూడదు. రోగిని చూపాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. వద్దన్నంత మాత్రాన వైద్యంలో ఏ తేడా రాదని వారికి చెప్పాలి. పేరుపేరునా చేసే ప్రార్థనను ముగింపు దీవెన తర్వాత, లైవ్ ఆపి, తెరపై 'లైవ్' గుర్తు పోయిందని చూసుకొని మొదలుపెట్టాలి.

రోగులారా, మీ పేరు చదవవద్దని చెప్పడానికి మొగమాటపడకండి. పేరు చదవకపోయినా ప్రభువు మిమ్మును ఎరుగును.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్