టీచరమ్మ మళ్ళీ విద్యార్థిని అయితే...

ఇంట్లో టీచరు ఉద్యోగం చేస్తున్న కోడలో, చెల్లెలో "నేను ఎం.ఎడ్. చదువుతాను" అన్నదనుకోండి. "బి.ఎడ్. ఉంది, ఉద్యోగం ఉంది, ఇంకా ఈ చదువెందుకమ్మా?" అనే మాట ముందు మన నోట్లోంచే వస్తుంది. ఎందుకో ఒక్కోసారి ఆవిడకీ సరిగ్గా తెలియదు. పక్క సెక్షన్ టీచరు చేరింది గనక తనూ చేరాలనుకుంటుంది. అసలు సంగతులు ఫీజు కట్టేశాక గాని బయటపడవు. అందుకే కట్టకముందే ఇంటిల్లిపాదీ కూచుని మాట్లాడుకోవడం మంచిది.

మొదటి తికమక పేరు దగ్గరే. ఎం.ఎడ్. వేరు, ఎం.ఏ. ఎడ్యుకేషన్ వేరు. ఎం.ఎడ్.కి బి.ఎడ్. లాంటి ట్రైనింగ్ ఉండాలి, అందులో కనీసం 50 శాతం మార్కులుండాలి. రిజర్వేషన్ వాళ్ళకి కొంత సడలింపు ఉంటుంది. తెలంగాణలో సి.పి.గెట్, ఆంధ్రప్రదేశ్‌లో పి.జి.సెట్ రాస్తే సీటు వస్తుంది. ఒకప్పుడు ఏడాదిలో అయిపోయే ఈ చదువును 2015 నుంచి రెండేళ్ళు చేశారు. ఆ నిబంధనల ప్రకారం ఏడాదికి 200 పని దినాలు, క్లాసులకి 80 శాతం హాజరు. అంటే బడి గంటా, కాలేజీ గంటా ఒకేసారి మోగుతాయన్నమాట! ప్రభుత్వ టీచర్లయితే ముందుగా శాఖ అనుమతి తీసుకుని, సెలవు సంగతి తేల్చుకోవాలి. ప్రైవేటు బడిలో పనిచేసేవాళ్ళకి మాత్రం జీతమో చదువో ఏదో ఒకటి వదులుకోవలసిన పరిస్థితి.

ఇక్కడే కొందరు మధ్యవర్తులు దిగుతారు. "మీరు రానక్కర్లేదమ్మా, పరీక్షలకొస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం" అంటారు. అందుకు వేరే రేటు. నాకైతే ఈ పద్ధతి బొత్తిగా నచ్చదు. పాఠం వినకుండా పాఠం చెప్పేవాళ్ళకి పాఠం చెప్పే అర్హత ఎలా వస్తుంది? పైగా అవే రెండేళ్ళకి బడి నుంచి అనుభవం సర్టిఫికెట్టూ, కాలేజీ నుంచి హాజరు సర్టిఫికెట్టూ ఉంటే, రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం సమాధానం చెబుతారు?

2025లో ఎన్.సి.టి.ఇ. ఇచ్చిన ముసాయిదాలో ఏడాది ఎం.ఎడ్., ఉద్యోగస్తుల కోసం పార్ట్‌టైమ్ ఎం.ఎడ్. ప్రతిపాదనలున్నాయి. కాబట్టి చేరే సంవత్సరం నోటిఫికేషన్ స్వయంగా చదువుకున్నాకే అడుగు వేయండి.

ఉద్యోగం మానలేని వాళ్ళకి ఎం.ఏ. ఎడ్యుకేషన్ ఉంది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే మనం ఇగ్నో అంటామే, దూరవిద్యలో నడుపుతోంది. ఏ డిగ్రీ ఉన్నా చాలు. జనవరి, జులై విడతల్లో చేరవచ్చు. అసైన్‌మెంట్లు రాసి పంపాలి. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఇంగ్లీషు పుస్తకాలు కాస్త అడ్డే. జూన్ పరీక్షంటే చదవాల్సింది మే నెలలో, అంటే సరిగ్గా ఆవకాయ, వడియాలు, సెలవులకొచ్చే చుట్టాలు అన్నీ ఉన్న నెలలో! వీలుంటే పెద్ద పరీక్షలు డిసెంబరుకి పెట్టుకోమనండి.

మరి ఫలితం? ప్రైవేటు బడిలో ఎం.ఎడ్. ఉంది కదా అని జీతం పెంచుతారన్న ఆశ పెట్టుకోవద్దు. బి.ఎడ్. కాలేజీలో లెక్చరర్ కావాలంటే మాత్రం ఇది తప్పనిసరి లాంటిదే. అదొక్కటీ చాలదు, సబ్జెక్టులో మరో పి.జి. కూడా అడుగుతారు, రెండింట్లోనూ 55 శాతం. బి.ఎడ్.తో పాటు ఎం.ఏ. ఎడ్యుకేషన్ ఉన్నవాళ్ళకి కొన్ని పోస్టులకే అవకాశం.

జీతం మాట అలా ఉంచితే, చదివాక క్లాసులో వచ్చే మార్పు నేను కళ్ళారా చూశాను. మా ఆడపడుచు లెక్కల టీచరు. జీతం లేని సెలవు పెట్టి ఎం.ఎడ్. చేసింది. అందులో డిజర్టేషన్ అని ఒక పరిశోధన రాయాలి. ఏడో తరగతి పిల్లలు భిన్నాల్లో ఎందుకు తప్పులు చేస్తారనేది ఆవిడ తీసుకున్న విషయం. రాత్రిళ్ళు మా భోజనాల బల్ల నిండా పిల్లల కాగితాలే. సగం, మూడోవంతు కలిపితే ఎంతంటే చాలామంది అయిదింట రెండు అని రాశారు. పైవి పైన, కిందవి కింద కూడేశారన్నమాట. ఇదివరకైతే ఇంటూ కొట్టి సున్నా వేసేదాన్ని వదినా, ఇప్పుడు పిలిచి ఎలా చేశావని అడుగుతున్నా అంది. మర్నాడు మా పిల్లాడికి దోశతో చెప్పింది. సగం దోశకి ఇంకో ముక్క కలిపితే సగం కంటే తక్కువవుతుందా నాన్నా అని. వాడు దోశను ఆరు ముక్కలు చేశాడు. సగమంటే మూడు, మూడోవంతంటే రెండు, మొత్తం ఆరింట అయిదు. దోశ చల్లారింది గాని లెక్క ఒంటబట్టింది.

ఆ రెండేళ్ళూ ఇంట్లో వంట పద్ధతి మారింది. పొద్దున్నే రెండు కూరలూ చేసి, రాత్రికి చారు ఒక్కటే పెట్టేవాళ్ళం. వారానికి రెండుసార్లు ఇడ్లీ పిండి రుబ్బి ఫ్రిజ్‌లో ఉంచే పని నాది. అన్నయ్యగారు, అంటే ఆవిడ భర్త, పిల్లల హోంవర్కు చూసేవారు. మొదట్లో కాస్త విసుక్కున్నా తర్వాత అలవాటు పడ్డారు. పరీక్షలకు పదిరోజుల ముందు నుంచీ ఫోన్లన్నీ మా అత్తగారే ఎత్తి, "అది చదువుకుంటోంది, తర్వాత చెయ్యండి" అనేవారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్ని ప్రైవేటు బళ్ళలో ఉద్యోగంలో చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని తమ దగ్గరే ఉంచుకుంటారు. కౌన్సెలింగ్ రోజున పరుగులు పెడితే దొరకవు. ఎంట్రన్సుకి దరఖాస్తు పెట్టిన వారంలోనే అడిగి తెచ్చుకోమనండి. తెచ్చుకోగానే రెండు సెట్లు జిరాక్స్ తీయించి, ఒక సెట్టు మీ బీరువాలో పెట్టండి.