అడ్డం తిరిగిన నాలుగు

జంషెడ్‌పూర్‌లో ఖర్కై నది దాటి ఆదిత్యపూర్ మీదుగా గమ్హరియా వైపు వెళ్తే దారి పొడవునా కార్ఖానాలే. ఇనుము మోసే లారీలు తిరిగే చోట వాటిని తూచే ధర్మకాటా ఉండాల్సిందే. లారీ పళ్లెం మీదికి ఎక్కగానే ఎర్రటి అంకెలు గబగబా మారి, ఒక దగ్గర నిలబడతాయి. డ్రైవరుకి అది బరువు. నాకు మాత్రం పీట్ మాండ్రియాన్ గుర్తొస్తాడు.

1917లో నెదర్లాండ్స్‌లో థియో వాన్ డూస్‌బర్గ్ ‘డె స్టెయిల్’ అనే పత్రిక పెట్టాడు. ఆ మాటకి ‘శైలి’ అని అర్థం. దాని చుట్టూ చేరిన మాండ్రియాన్ లాంటి చిత్రకారులు వంపుల్ని వెలివేశారు. నిలువు గీత, అడ్డగీత. ఎరుపు, పసుపు, నీలం. తోడుగా నలుపు, తెలుపు, బూడిద. 1919లో వాన్ డూస్‌బర్గ్ ఐదుకి ఐదు గళ్ల చదరంలో అక్షరాలు కూడా గీశాడు. పాపం, గుండ్రటి ‘ఓ’కీ మూలలొచ్చాయి.

ఏడు నిలువు, అడ్డ గీతలతోనే వెలిగే ధర్మకాటా అంకె ఈ చిత్రకారుల బిడ్డే అనిపిస్తుంది. కాదు, వాళ్ల పత్రికకన్నా వయసులో పెద్దది. 1910 నాటికే ఒక విద్యుత్ కేంద్రం బాయిలరు గదిలో బల్బులతో వెలిగే ఏడు గీతల అంకెలు ఉన్నాయి. వాటికి ఆ రూపం ఇచ్చింది కళ కాదు, పొదుపు. ఒక్కో గీతకి ఒక దీపం, ఒక స్విచ్చి. వంపు కావాలంటే ఎన్నో చిన్న దీపాలు పేర్చాలి. ఏడు గీతల్ని వెలిగించి, ఆర్పి 128 ఆకారాలు చూపించొచ్చు. మనకి కావలసినవి పదే.

అయితే ఈ పొదుపులో ఒక ప్రమాదం ఉంది. 8లో నడిమి గీత ఆరిపోతే 0 అవుతుంది. 6లో కింది ఎడమ గీత పోతే 5. 7కి పైగీత లేకపోతే 1. బరువు తూచే చోట ఇది నవ్వులాట కాదు. చాలా యంత్రాలు ఆన్ చేయగానే వరసగా 8లు చూపించేది ఇందుకే: ఏ గీత చచ్చిందో అక్కడే తెలిసిపోతుంది.

మన తెలుగు అంకెల్ని ఈ ఏడు గీతల్లో కూర్చోబెట్టాలని కాగితం మీద ప్రయత్నించాను. ౦కి ఆరు గీతలు. ౧ అంటే అడుగు తెరుచుకున్న సున్నాయే కాబట్టి కింది గీత తీసేస్తే సరి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, ఆ ఒక్క దీపం పోయిందంటే సున్నాలన్నీ ఒకట్లవుతాయి! అందంగా ఉంటే చాలదు. ఏ రెండు అంకెలకీ మధ్య ఒక్క గీత తేడాయే ఉండకూడదు. ఆ పరీక్షలో మామూలు 1, 7 కూడా నెగ్గవనుకోండి.

౨, ౩ పేచీ పెట్టలేదు, 2, 3లకి చుట్టాల్లాగే ఉంటాయి. మొరాయించింది ౪. కింద ముడి, పైన రెండు కొమ్ములు. గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటాలి. నిలువూ అడ్డమూ తప్ప లేని చోట అది కుదరదు. 1920ల నడుమ వాన్ డూస్‌బర్గ్ తన బొమ్మల్లోకి ఏటవాలు గీతని తెచ్చాడు. అది గిట్టక మాండ్రియాన్ ఆ గుంపునే వదిలిపోయాడని చెబుతారు.

నేను చేసింది మాండ్రియాన్ ఒప్పుకోని పనే: ఎనిమిదో గీత ఒకటి ఏటవాలుగా కలిపాను. తర్వాత చూస్తే, 1908లోనే ఎఫ్. డబ్ల్యు. వుడ్ అనే ఆయన తన అంకెల పలకలో ఏడుకి మించి ఒక వాలుగీత పెట్టుకున్నాడు. అది కూడా 4 కోసమే.