ప్రోట్రే నారుమడుల్లో కోకోపీట్–పెర్లైట్ మిశ్రమం: లవణ నియంత్రణ

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో వర్షపాతం తక్కువ. సాగునీటికి బోరుబావులే ప్రధాన ఆధారం. షేడ్‌నెట్ కింద టమాట, మిరప నారును ప్రోట్రేలలో పెంచేటప్పుడు మాధ్యమంతో పాటు నీటి నాణ్యతను కూడా పరిశీలించాలి.

కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టే కోకోపీట్. ఇది తన బరువుకు అనేక రెట్లు నీటిని నిలుపుతుంది. అయితే ఇందులో పొటాషియం, సోడియం, క్లోరైడ్ సహజంగానే అధికం. నీటితో కడిగినప్పుడు కరిగే లవణాలు తొలగుతాయి. కణాలను అంటిపెట్టుకున్న పొటాషియం, సోడియం చాలావరకు మిగిలిపోతాయి. ఇవి తరువాత విడుదలై, వాటి స్థానంలో ఎరువులోని కాల్షియం, మెగ్నీషియం బంధింపబడతాయి. ఫలితంగా నారులో ఈ పోషకాల లోపం ఏర్పడుతుంది. అందువల్ల కడిగిన కోకోపీట్‌ను కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, మళ్ళీ కడగాలి.

పెర్లైట్ అగ్నిపర్వత గాజుశిల. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద అందులోని నీరు ఆవిరై శిల పేలాలవలె ఉబ్బుతుంది. ఇది వేళ్ళకు గాలిని అందిస్తుంది గాని పోషకాలను ఇవ్వదు, నిలుపదు. ఘనపరిమాణం ప్రకారం మూడు పాళ్ళు కోకోపీట్‌కు ఒక పాలు పెర్లైట్ కలపవచ్చు. పెర్లైట్ మోతాదు పెరిగితే మిశ్రమం త్వరగా ఆరుతుంది. వేసవిలో తరచుగా తడులివ్వవలసి వస్తుంది. దుమ్ము రేగకుండా దీనిని తడిపి కలపాలి.

కడిగే నీటి విద్యుత్ వాహకత మీటరుకు 1.0 డెసీసైమన్ ఉంటే, ఎన్నిసార్లు కడిగినా కోకోపీట్ నుండి కారే నీటి వాహకత అంతకు దిగువకు రాదు. కాబట్టి ముందుగా బోరునీటిని పరీక్షించి, లవణాలు ఎక్కువైతే నిల్వచేసిన వర్షపు నీటిని చివరి కడుగుకు, మొలక దశలో తడులకు కేటాయించాలి.