చిట్టా వచ్చింది... ఆవర్జా ఏదీ?

పాతకాలం కొట్టులో షావుకారు దగ్గర రెండు పుస్తకాలుండేవి. జరిగింది జరిగినట్టు రాసుకోవడానికి చిట్టా. దాన్నుంచి ఎవరి ఖాతా వారికి విడదీసి రాయడానికి ఆవర్జా. అందులో పద్దు ఎక్కించాక చిట్టాలో ఓ టిక్కు. కొట్టుకేమైనా అయితే కష్టమని రెంటికీ నకళ్లు తీయించి పక్కవూళ్లో తమ్ముడింట్లో పెట్టాడనుకోండి. చిట్టా నకలు ఇవాళ్టిది, ఆవర్జా నకలు నిన్నటిది. ఈలోగా కొట్టు తగలబడింది! పొద్దున ఓ రైతు కట్టిన అయిదొందలు చిట్టాలో ఉన్నాయి. పక్కనే టిక్కూ ఉంది. ఆవర్జాలో మాత్రం అతనింకా బాకీదారే. టిక్కు పడింది కదా అని మళ్లీ ఎవరూ ఎక్కించరు.

బ్యాంకుల సర్వర్లకూ ఇదే భయం. డేటాబేస్ ఏ మార్పునైనా ముందు లాగ్‌లో రాసుకుని, తర్వాతే అసలు డేటాలోకి ఎక్కిస్తుంది. ఎక్కించేశానని లాగ్‌లో పెట్టుకునే టిక్కు పేరు చెక్‌పాయింట్. ఈ రెంటినీ సాధారణంగా వేర్వేరు వాల్యూమ్‌లలో, అంటే సర్వరుకు విడివిడి డిస్కుల్లా కనిపించే భాగాల్లో ఉంచుతారు. వాటిని దూరంగా ఉన్న మరో సర్వరుకు ఎప్పటికప్పుడు నకలు చేయడమే రెప్లికేషన్. ఏ వాల్యూమ్ దారి దానిదైతే లాగ్ ముందు చేరి, డేటా వెనకబడొచ్చు. సరిగ్గా అప్పుడే అసలు సర్వరు కూలితే..?

దానికి విరుగుడే కన్సిస్టెన్సీ గ్రూప్. ఒకే పనికి చెందిన వాల్యూమ్‌లన్నింటినీ ఓ గుంపుగా కట్టేస్తారు. ఇవతల ఏ వరసలో రాస్తే అవతలా అదే వరస. ఒక్కదానికి దారి తెగినా మిగతావాటి నకలూ అక్కడే ఆగిపోతుంది. బాగున్నవాటిని ఆపడమేంటి అనిపిస్తుంది కానీ, పది సెకన్లు పాతదైనా అంతా ఒకే క్షణానిదైతే పోయేది ఆ పది సెకన్ల లెక్కే. సగం కొత్తది, సగం పాతది అయితే ఏం పోయిందో కూడా తెలీదు.

అసలు వెనకబడకుండా చూడొచ్చు కదా అంటారా? ఫైబర్‌లో కాంతి వెయ్యి కిలోమీటర్లు పోయి రావడానికే 10 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి రాతకూ అంతసేపు ఆగితే బ్యాంకు పని నత్తనడకే. అందుకే దూరపు నకళ్లు కాస్త వెనకగానే నడుస్తాయి.

లైనక్స్‌లో వాడే డీఆర్‌బీడీకి 2011లో వచ్చిన 8.4 వెర్షన్‌తో అనేక వాల్యూమ్‌లను ఒకే కనెక్షన్ మీద పంపే వీలొచ్చింది. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ 2016లో స్టోరేజ్ రెప్లికాను చేర్చింది. అందులో వాల్యూమ్‌లను గ్రూపులో చేరిస్తే సరిపోదు. వాటి మధ్య రాతల వరస తప్పకూడదని విడిగా చెప్పాలి. పప్పులో కాలేసేందుకు వీలున్నది ఇక్కడే!

పొరపాటున ఓ ఉద్యోగి ఫైలు చెరిపేశాడనుకోండి... ఆ చెరపడం కూడా అంతే క్రమశిక్షణతో అవతలికి చేరిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే మాత్రం రాత్రి తీసిన బ్యాకప్పే వెతుక్కోవాలి.