ఖావ్ సోయ్: ఖచ్చరాల బాటలో థాయ్‌లాండ్ చేరిన చికెన్ నూడుల్స్

థాయ్‌లాండ్ టూర్‌కు వెళ్లే మన కుటుంబాలకు మొదటి బెంగ తిండి గురించే. హలాల్ దొరుకుతుందో లేదోనని చాలామంది అటుకులు, పచ్చళ్లు, బిస్కెట్ ప్యాకెట్లు సర్దుకుని వెళ్తారు. బ్యాంకాక్‌కు ఉత్తరాన సుమారు 700 కిలోమీటర్ల దూరంలో ఉన్న చియాంగ్ మాయ్ వరకు వెళ్లేవాళ్లకు మాత్రం ఒక మంచి కబురు. ఆ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే వంటకం 'ఖావ్ సోయ్'. దాని వెనక ఉన్నది ముస్లింల చేతి వంటే.

ఎక్కడి నుంచి వచ్చింది?

చైనాలోని యునాన్ ప్రాంత ముస్లింలు ఖచ్చరాల మీద టీ, పత్తి వేసుకుని బర్మా, ఉత్తర థాయ్‌లాండ్ దాకా వ్యాపారం చేసేవారు. 1856లో యునాన్‌లో చింగ్ రాజులపై ముస్లింల తిరుగుబాటు మొదలైంది. 1873 నాటికి దాన్ని దారుణంగా అణచివేశారు. ప్రాణాలు దక్కించుకున్న వారిలో చాలామంది తమకు తెలిసిన ఆ వ్యాపార బాటల్లోనే సరిహద్దులు దాటారు. థాయ్‌లాండ్‌లో వీరిని 'చిన్ హా' అంటారు. ఇల్లూ వాకిలీ పోయినా నూడుల్స్ వంట, హలాల్ నియమం మాత్రం వాళ్ల వెంటే వచ్చాయి. ఈ వంటకాన్ని ఎక్కువగా కోడి మాంసంతో గానీ, గొడ్డు మాంసంతో గానీ చేయడానికి కారణం అదే.

రుచి ఎలా ఉంటుంది?

గుడ్డు కలిపిన నూడుల్స్‌ను ఉడికించి గిన్నెలో వేస్తారు. పసుపు, ధనియాలు, అల్లం, నల్ల యాలకులు, ఎండుమిర్చి నూరి కొబ్బరిపాలలో మరిగించిన పులుసు పోస్తారు. అందులో మెత్తగా ఉడికిన కోడి కాలు ఉంటుంది. పైన కరకరలాడేలా వేయించిన నూడుల్స్ చల్లుతారు. పులుసు మన మరగ్ కంటే చిక్కగా, సాలన్ కంటే పల్చగా ఉంటుంది. పక్కనే ఊరబెట్టిన ఆవకూర, చిన్న ఉల్లిపాయలు, నిమ్మచెక్క, కారం నూనె పెడతారు. నిమ్మరసం పిండుకుంటే కొబ్బరిపాల వెగటు తగ్గుతుంది.

జాగ్రత్తలు

పేరు ఖావ్ సోయ్ అయినంత మాత్రాన ప్రతిచోటా హలాల్ కాదు. మామూలు హోటళ్లలో అదే గరిటె, అదే గిన్నె పంది మాంసానికీ వాడొచ్చు. పక్క దేశం లావోస్‌లో ఇదే పేరుతో దొరికేది సాధారణంగా పంది కైమాతో చేస్తారు, అందులో కొబ్బరిపాలు ఉండవు. కాబట్టి బోర్డు మీద హలాల్ గుర్తు చూశాకే కూర్చోవాలి. 'గై' అంటే కోడి, 'నువా' అంటే గొడ్డు మాంసం, 'మూ' అంటే పంది మాంసం. ఈ మూడు మాటలు పిల్లలకు కూడా నేర్పిస్తే మంచిది. కొందరు మసాలాలో రొయ్యల ముద్ద కలుపుతారు. రొయ్యలు తినని ఇళ్లవాళ్లు ముందే అడగాలి.

ఎక్కడ తినాలి?

చియాంగ్ మాయ్ నైట్ బజార్ దగ్గర బాన్ హా మస్జిద్ ఉంది. ఆ గల్లీలో హలాల్ హోటళ్లు వరసగా కనిపిస్తాయి. శుక్రవారం పొద్దున్నే మస్జిద్ ఎదురుగా యునాన్ ముస్లింల సంత జరుగుతుంది. ఆ రోజు పెట్టుకుంటే సంత చూసి, జుమా నమాజ్ చదువుకుని, ఖావ్ సోయ్ తినొచ్చు. అటుకుల ప్యాకెట్ విప్పే పనే ఉండదు.