ముఖం చూసి తెరుచుకొనే ఫోను: ఎంతవరకు నమ్మవచ్చు?

స్మార్ట్‌ఫోనును ముఖానికి ఎదురుగా పట్టుకోగానే తెర దానంతట అదే తెరుచుకొనే సౌకర్యం నేడు పదివేల రూపాయల ఫోనులలో సైతం లభిస్తున్నది. మన షోలాపురంలో దీనిని ఇష్టపడడానికి ఒక స్థానిక కారణం కూడా ఉన్నది. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టిన స్త్రీల వేళ్ళు, మరమగ్గాల మీద తెగిన పోగులు అతికిన కార్మికుల వేళ్ళు అరిగిపోయి, వేలిముద్రల గీతలు మసకబారుతాయి. వేలిని పదిసార్లు తుడిచి ఆనించినా గుర్తించని ఫోను ముఖాన్ని మాత్రం ఒక్కసారికే గుర్తిస్తుంది. పిన్ అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టమైన పెద్దవారికి ఇది మరీ సుఖం.

అయితే ఆ ఫోనులోనే జీతం జమ అయ్యే బ్యాంకు ఖాతా ఉన్నది, ఊరికి డబ్బు పంపే యూపీఐ యాప్ ఉన్నది, ఆధార్ ప్రతి ఉన్నది, పిల్లల ఫోటోలు ఉన్నాయి. ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే ఇళ్ళు, ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ వాడే కుటుంబాలు మన పేటలలో కొత్త కాదు. కాబట్టి ముఖం చూసి తెరుచుకొనే ఈ ఏర్పాటు ఎవరిని ఆపగలదు, ఎవరిని ఆపలేదు అన్నది తెలుసుకోవలసిన విషయం.

ముందుగా మాట గురించి ఒక మాట. ఫోను కంపెనీలు దీనిని 'ఫేస్ అన్‌లాక్' అంటాయి. దీనిని 'ముఖంతో తాళం తీయడం' అని తెలుగు చేయడానికి అనువాదకునిగా నాకు మనసొప్పలేదు. పగటిపూట తలుపుకు గొళ్ళెం మాత్రమే పెట్టి, ఊరికి వెళ్ళేటప్పుడు తాళం వేసుకొంటాము. ఫోనులో ముఖం ఆ గొళ్ళెం వంటిది. తాళం వేరే ఉన్నది, అది పిన్. ఈ భేదం ఎందుకు ముఖ్యమో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

ఫోను ముఖాన్ని చూసే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటి పద్ధతిలో, సెల్ఫీ తీసే ముందు కెమెరాయే ఒక చిత్రం తీసి, ముందు నమోదైన ముఖంతో పోల్చుకొంటుంది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0లో ఈ సౌకర్యాన్ని తొలుత ప్రవేశపెట్టినప్పుడు, యజమాని ఫోటో చూపినా ఫోను తెరుచుకొంటుందని కొద్ది రోజులలోనే బయటపడింది. మరుసటి ఏడాది కనురెప్ప ఆర్పితేనే తెరుచుకొనే ఏర్పాటును జోడించారు. 2017లో శాంసంగ్ గెలాక్సీ ఎస్8 వచ్చినప్పుడూ ఇదే కథ: మరొక ఫోను తెర మీది ఫోటోతో దానిని తెరిచి చూపారు. ముఖ గుర్తింపు ఫోను తెరవడానికే తప్ప చెల్లింపులకు కాదని ఆ కంపెనీయే అప్పట్లో చెప్పింది. ఈ మాటను ఆ కంపెనీ ఒప్పుకోలుగా చదువుకోవడమే మేలు. చదునుగా ఉన్న చిత్రాన్ని చదునుగా ఉన్న చిత్రంతో పోల్చేటప్పుడు, ఎదుట ఉన్నది మనిషా కాగితమా అన్నది చెప్పడం కెమెరాకు కష్టం.

రెండవ పద్ధతి లోతును కొలుస్తుంది. 2017లోనే వచ్చిన ఐఫోన్ ఎక్స్ కంటికి కనబడని పరారుణ కాంతిచుక్కలను, 30,000కు పైగా, ముఖం మీద ప్రసరింపజేసి, అవి ఎక్కడ ఎలా పడినవో చూసి ముక్కు ఎత్తు, కంటి గుంట, చెంప వంపు లెక్క కడుతుంది. కాగితం మీది ఫోటోకు ముక్కు ఎత్తుగా ఉండదు గనుక అది ఇక్కడ చెల్లదు. పరారుణ కాంతి తానే ప్రసరించుకొంటుంది గనుక చీకటిలోనూ పనిచేస్తుంది. అయినా దీనినీ దాటలేమని కాదు. అదే ఏడాది నవంబరులో బికావ్ అనే వియత్నాం భద్రతా సంస్థ, సుమారు 150 డాలర్ల ఖర్చుతో తయారుచేసిన మాస్కుతో ఆ ఫోనును తెరిచి చూపింది. కాని ఆ మాస్కు చేయడానికి యజమాని ముఖం కొలతలు, నిపుణులు, ఓపిక కావాలి. జేబు కత్తిరించేవాడు ఆ పని చేయడు.

మొదటి పద్ధతి పాతబడిపోయిందని అనుకోవడానికి వీలు లేదు. 2019 జనవరిలో నెదర్లాండ్స్ వినియోగదారుల సంఘం 110 ఫోనులను పరీక్షించినట్లు వెల్లడించింది. వాటిలో 42 ఫోటోకు లొంగిపోయాయి. 2023 మే నెలలో బ్రిటన్ వినియోగదారుల సంస్థ 'విచ్' ప్రకటించిన పరీక్షలో 48 ఫోనులకు 19 ఫోనులు మామూలు కాగితం మీద అచ్చువేసిన ఫోటోతో తెరుచుకొన్నాయి. వాటిలో చవకవే ఎక్కువగా ఉన్నా, ఖరీదైనవీ ఉన్నాయి. ఫేస్‌బుక్‌లోనో, వాట్సాప్ డీపీలోనో, పెళ్ళి ఫ్లెక్సీ మీదనో ఫోటో లేని మనిషి నేడు అరుదు.

ఆండ్రాయిడ్ రూపొందించిన గూగుల్ ఈ తేడాను దాచలేదు. వేలిముద్ర, ముఖం వంటి గుర్తింపులను అది మూడు తరగతులుగా విభజించింది. నకిలీతో మోసపుచ్చే ప్రయత్నాలలో 7 శాతానికి మించి ఫలించనివి మూడవ తరగతి, అనగా బలమైనవి. 7 నుంచి 20 శాతం వరకు ఫలించేవి రెండవ తరగతి. అంతకన్నా బలహీనమైనవి మొదటి తరగతి. వీటిని 'సౌకర్యం' కోసమే అన్నారు. మొదటి తరగతి గుర్తింపుతో ఫోను తెర తెరుచుకొంటుంది గాని, యాప్‌లు దానిని ఆధారంగా తీసుకోవడానికి ఆండ్రాయిడ్ అనుమతించదు. పెట్టె మీద మాత్రం 'ఫేస్ అన్‌లాక్' అనే మాట తప్ప తరగతి ఎక్కడా అచ్చువేయరు. పంఖా కొన్నా దాని మీద విద్యుత్ ఆదాకు నక్షత్రాలు వేసే దేశంలో ఇది విచిత్రమే.

మీ ఫోను ఏ తరగతికి చెందినదో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు. బ్యాంకు యాప్ తెరిచేటప్పుడు అది వేలిముద్రను అడిగి ముఖాన్ని ఎన్నడూ అడగకపోతే, మీ ముఖ గుర్తింపు బలహీనమైనది కావచ్చును. ముఖం నమోదు చేసేటప్పుడు 'మిమ్మల్ని పోలిన వ్యక్తి లేదా వస్తువు ఈ ఫోనును తెరవవచ్చు' అనే అర్థం వచ్చే హెచ్చరిక కనిపించి ఉంటే అదీ గుర్తే. దీపాలు ఆర్పి, తెర వెలుగు తగ్గించి చూడండి; కటిక చీకటిలోనూ తెరుచుకొంటే పరారుణ కెమెరా ఉన్నట్లు. చివరగా, మీ ముఖం పెద్దదిగా ఉన్న ఒక స్పష్టమైన ఫోటోను ఫోనుకు చూపండి. తెరుచుకొంటే ఇక సందేహానికి తావు లేదు, ఆ సౌకర్యాన్ని ఆపివేయడమే మంచిది. తెరుచుకోనంత మాత్రాన పూర్తిగా భద్రమని మాత్రం అనుకోకండి. చీకటి పరీక్షకు ఒక మినహాయింపు చెప్పాలి: 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8 మామూలు కెమెరాతోనే మూడవ తరగతిని అందుకొన్నది.

ఇక నమ్మకం అనే మాటకు రెండు ముఖాలు ఉన్నాయి. యజమానిని గుర్తించకపోవడం ఒక తప్పు. పరాయివానిని యజమాని అనుకోవడం మరొకటి. ఒకదానిని తగ్గించబోతే రెండవది పెరుగుతుంది. మరీ పట్టింపుగా చూసే ఫోను, తిరుపతిలో గుండు చేయించుకొని వచ్చిన యజమానిని నిరాకరించవచ్చు. మరీ ఉదారంగా చూసేది అతని తమ్ముణ్ణి లోపలికి రానివ్వవచ్చు. ముఖానికి పసుపు, తలకు హెల్మెట్, మూతికి మాస్కు, నెత్తి మీద మండే ఎండ, మగ్గాల షెడ్డులో కెమెరా అద్దం మీద పేరుకొనే నూలు నుసి, ఇవన్నీ మొదటి తప్పును పెంచేవే. అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవడం, ముఖాన్ని పగటి వెలుతురులో నమోదు చేయడం, కళ్ళజోడు వాడేవారు దానితోనూ అది లేకుండానూ చూసుకోవడం కొంత మేలు చేస్తాయి.

రెండవ తప్పు విషయంలో కంపెనీలు చెప్పే లెక్క వినడానికి ధైర్యంగా ఉంటుంది. దారిన పోయే అపరిచితుడు తన ముఖంతో ఐఫోనును తెరిచే అవకాశం 10 లక్షలలో ఒకటి కన్నా తక్కువని ఆపిల్ అంటుంది. కాని ఆ లెక్క అపరిచితులకే వర్తిస్తుంది. కవలలకు, పోలికలున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, 13 ఏళ్ళ లోపు పిల్లలకు ఆ అవకాశం ఎక్కువని, అటువంటివారు పిన్ వాడుకోవడం మేలని ఆ కంపెనీయే చెప్పింది. 2017లో అమెరికాలో ఒక పదేళ్ళ బాలుడు తన తల్లి ఐఫోనును తన ముఖంతో తెరిచిన వీడియో లోకమంతా చూసింది. మన ఫోనులను మన అనుమతి లేకుండా తెరవాలని కోరుకొనేవారిలో అపరిచితుల కన్నా ఇంటివారు, గదిలోవారే ఎక్కువ కావడం ఇక్కడి అసలు చిక్కు.

నిద్రపోతున్నవారి సంగతి ఇంకొకటి. 2019లో వచ్చిన పిక్సెల్ 4 కళ్ళు మూసుకొని ఉన్న ముఖానికీ తెరుచుకొనేది. 2020 ఏప్రిల్‌లో గాని దానిని సరిచేయలేదు. మీ ఫోను సెట్టింగులలో కళ్ళు తెరిచి ఉంటేనే పనిచేయాలనే అంశం ఉంటే దానిని తప్పక పెట్టుకోండి. కళ్ళు మూసుకొని పరీక్షించి చూడండి. అదే చోట ఎన్ని ముఖాలు నమోదై ఉన్నాయో కూడా గమనించండి. చాలా ఫోనులు 'మరొక రూపం' పేరుతో రెండవ ముఖాన్ని అనుమతిస్తాయి. ఆ రెండవ ముఖం మీదే కానవసరం లేదు.

ఆ రెండవ ముఖాన్ని చేర్చాలంటే పిన్ తెలియాలి. ఇక్కడ మళ్ళీ గొళ్ళెం, తాళం దగ్గరికి వస్తాము. ఫోనును ఆపి మళ్ళీ వెలిగించినప్పుడు ముఖం చెల్లదు, పిన్ కావాలి. ఐఫోనులో ముఖం ఐదుసార్లు కలవకపోయినా, 48 గంటలు తెరవకపోయినా అంతే. ఆండ్రాయిడ్‌లో బలహీన తరగతులకు 24 గంటలకొకసారి, బలమైన తరగతికి 72 గంటలకొకసారి పిన్ అడుగుతుంది. కొత్త ముఖం చేర్చాలన్నా, ఉన్నది తీసివేయాలన్నా పిన్నే. కొత్త ఫోను కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడు తోచిన నాలుగు అంకెలు పెట్టి ఇవ్వగా, ఏళ్ళ తరబడి వాటినే వాడుతున్నవారు మనలో ఉన్నారు. 1234, పుట్టిన సంవత్సరం, బండి నంబరు పిన్‌గా ఉన్న ఫోనుకు ఎంత గొప్ప కెమెరా ఉన్నా లాభం లేదు. నాలుగు అంకెలకు 10,000 కూర్పులే. ఆరు అంకెలకు 10 లక్షలు. ముఖ గుర్తింపు వల్ల ఒక మంచి ఇక్కడ ఉన్నదని ఒప్పుకోవాలి: సిటీ బస్సులో, సంతలో పదిమంది చూస్తుండగా పిన్ కొట్టవలసిన అవసరం తప్పుతుంది, అందువల్ల పొడవైన పిన్ పెట్టుకోవడానికి వెనుకాడనక్కరలేదు.

ఎవరైనా బలవంతంగా ఫోనును మీ ముఖం ముందు పెడతారని అనుమానం కలిగితే, ముందే దానిని ఆపివేయండి. ఐఫోనులో పక్క బటనును, శబ్దం బటనును కలిపి రెండు సెకన్లు నొక్కి పట్టుకొంటే చాలు, ఆపై పిన్ కొట్టేవరకు ముఖం పనిచేయదు. ఆండ్రాయిడ్‌లో పవర్ మెనూలో 'లాక్‌డౌన్' అనే అంశం అదే పని చేస్తుంది.

డబ్బు విషయానికి వద్దాము. ఇన్నాళ్ళు ఫోను తెరుచుకొన్నా సాధారణంగా యూపీఐ పిన్ లేనిదే డబ్బు కదిలేది కాదు. 2025 అక్టోబరులో ఆ పిన్‌కు బదులుగా వేలిముద్రను గాని ముఖాన్ని గాని వాడుకొనే వీలును ప్రకటించారు. ఇది మీరు ఒప్పుకొంటేనే అమలవుతుంది, తప్పనిసరి కాదు. ఒంటరిగా ఫోను వాడుకొనేవారికి, బలమైన గుర్తింపు ఉన్న ఫోనుకు ఇది సరిపోవచ్చు. పలువురు ముట్టుకొనే ఫోను అయితే యూపీఐ పిన్‌నే ఉంచుకోండి, అది ఫోను పిన్‌కు భిన్నంగా ఉండాలి. గొళ్ళెం, తాళం రెండూ ఒకే చెవితో తెరుచుకోకూడదు కదా. తెర మూసి ఉన్నప్పుడు ఓటీపీ సందేశాలు పైకి కనబడకుండా సెట్టింగులలో దాచండి. సిమ్‌కు కూడా వేరే పిన్ పెట్టవచ్చు. లేనిచో దొంగ ఫోను తెరవకుండానే సిమ్‌ను తీసి మరొక ఫోనులో వేసుకొని ఓటీపీలు అందుకొంటాడు. సిమ్ పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకొనిపోతుంది గనుక, దానిని కాగితం మీద వ్రాసి ఇంట్లో ఉంచాలి.

ఫోనులో నమోదైన ముఖం ఎక్కడికి పోతుందని కొందరు అడుగుతారు. మంచి ఫోనులలో అది ఫోటోగా కాక అంకెల రూపంలో, ఫోనులోనే వేరుచేసిన భద్రమైన భాగంలో ఉంటుంది, కంపెనీకి చేరదు. ఆధార్ ముఖ ప్రమాణీకరణ దీనికి పూర్తిగా భిన్నమైనది. 2021 నవంబరు నుంచి పింఛనుదారులు జీవన్ ప్రమాణ్ కోసం ముఖం చూపుతున్నారు. అక్కడ ముఖాన్ని పోల్చేది ఫోను కాదు, ఆధార్ సంస్థ దగ్గరి నమోదుతో. బీడీ కార్మికుల భవిష్యనిధి పింఛను పొందే పెద్దలు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. కేవైసీ అని, పథకం అని చెప్పి ఎవరో తెచ్చిన ఫోనుకు ముఖం చూపడం, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయడంతో సమానం.

ఫోను పోయినప్పుడు ఆలస్యం చేయకుండా మొదట సిమ్‌ను నిలిపివేయించండి, తరువాత బ్యాంకుకు తెలపండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు ఫోను చేయండి. పోలీసు ఫిర్యాదు ప్రతితో కేంద్ర ప్రభుత్వ 'సంచార్ సాథీ' వెబ్‌సైటులో ఆ ఫోను ఏ నెట్‌వర్కు మీదా పనిచేయకుండా చేయించవచ్చు. దానికి 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కావాలి. ఫోను చేతిలో ఉండగానే *#06# నొక్కి, తెర మీద కనిపించిన ఆ సంఖ్యను రేషను కార్డు వెనుక వ్రాసి పెట్టుకోండి.