మలీద ముద్ద

సాయంకాలం బడి నుంచి వచ్చేసరికి వంటింటి వెనుక రోటి చప్పుడు వినవస్తే, కర్నూలు, కడప ప్రాంతాల పల్లె పిల్లలకు సంగతి తెలిసిపోయేది. ముందునాటి రాత్రి మిగిలిన సజ్జరొట్టెను తునిపి, దంచి, బెల్లం చేర్చి ముద్ద కడితే అదే మలీద. ఫారసీలో ఈ మాటకు నలిపినదని అర్థం. పీర్ల పండుగనాడు చావిడివద్ద చదివించి పంచేదీ ఇదే. హిందువుల ఇండ్ల నుంచి కూడా అక్కడికి మలీద పళ్లెములు వెళ్లడం సీమలో కొత్త కాదు. అయితే పండుగకు కొత్త రొట్టె కాలుస్తారు. మేము చెప్పబోయేది ఇంటి మలీదను గురించి.

సజ్జపిండిలో గోధుమకున్న జిగురు లేదు. అందుచేత మరిగిన నీళ్లతో కలిపి, చేతితో తట్టి కాలుస్తారు. వేడికి ఉబ్బిన పిండిపదార్థం చల్లారినకొలది తిరిగి బిగుసుకొంటుంది. మూతపెట్టి తేమ పోకుండా కాపాడిన రొట్టె సైతం తెల్లవారేసరికి గట్టిపడటానికి కారణమిదే. పెనంమీద వెచ్చచేస్తే ఆ బిగువు కొంత సడలుతుంది. పెద్దలు రొట్టెను వెచ్చచేసి మరీ దంచడంలోని కిటుకు అది. దంచినది రవ్వవలె పలుకుగా ఉండాలి. వేడి ఆరకముందే తురిమిన బెల్లం, వేయించిన వేరుసెనగపప్పు, నువ్వులు, ఉంటే కాస్త నెయ్యి కలపాలి. ఆలస్యమైతే బెల్లం కరగదు, ముద్ద నిలవదు. నెయ్యి లేనినాడు సెనగపప్పులోని నూనెయే ఆ పని చేసేది. ఇంకొక జాగ్రత్త: సజ్జలలో నూటికి 5 వంతుల వరకు కొవ్వున్నది గనుక నిలువ పిండి త్వరగా చేదెక్కుతుంది. ఆ చేదును ఏ బెల్లమూ కప్పలేదు.

మిగిలినదానికి తీపి చేర్చడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. ఫిలిప్పీన్సు దీవులలో రొట్టెల దుకాణాలవారు పాతబడిన రొట్టెను పాలు, చక్కెరతో ముద్దచేసి, ఎర్రరంగు వేసి, కొత్త రొట్టె నడుమ పొదిగి అమ్ముతారు. అది అంగడి ఉపాయం.

మన ఇండ్లలో ఈ "మిగులు" అన్న మాట దగ్గరనే మాకొక సందేహం. పిడికిలితో పిండి కొలిచి, తలకిన్ని అని లెక్కగా రొట్టెలు కాల్చగల ఇల్లాలికి, వారానికొకమారు రెండు ఎక్కువ ఎట్లా అయ్యేవి? పిండి ఎక్కువ కలిసిందని మా తల్లిగారు చెప్పేవారు. వానలు లేని ఏళ్లలో ఆ రాత్రులు ఆమె మజ్జిగ త్రాగి పడుకొనేవారని మాకు పెద్దయిన తరువాత గాని తెలియలేదు.

1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చాక, మా ఊళ్లో రాత్రిపూట రొట్టె తగ్గి అన్నం పెరిగింది. ఆకలి ఎరిగినవారెవరూ దానిని తప్పుపట్టరు. కాని మిగిలిన అన్నం మరునాడు చిత్రాన్నమవుతుంది, మలీద కాదు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన 2023 తరువాత సజ్జ లడ్లను పట్టణాల అంగళ్లలోనూ చూస్తున్నాము. వేయించిన పిండితో చేసిన లడ్డు నిలువకు మంచిదే. పెనంమీద కాలిన రొట్టె వాసన మాత్రం దానికి లేదు.

ఇప్పుడు మా యింట అప్పుడప్పుడు రెండు రొట్టెలు అదనంగా కాల్చి గంపక్రింద ఉంచుతున్నాము. పిల్లలు అడిగితే పిండి ఎక్కువ కలిసిందని చెబుతున్నాము.